సాగర్ రోడ్డు వెంట గోర్ బోలి

హైదరాబాద్‌కు తూర్పున ఎల్బీ నగర్ చౌరస్తాలో తెల్లారేసరికి నిలబడితే ఈ నగరాన్ని ఎవరు కడుతున్నారో, ఎవరు నడుపుతున్నారో తెలిసిపోతుంది. విజయవాడ దారి ఒకవైపు, నాగార్జునసాగర్ దారి ఒకవైపు, ఉప్పల్ మీదుగా వరంగల్ వెళ్లే దారి ఇంకోవైపు. నల్గొండ యాస, ఖమ్మం యాస, పాలమూరు యాస, కృష్ణా గుంటూరు యాసలు అన్నీ ఇక్కడే బస్సు దిగుతాయి. ఆ తెలుగుల మధ్య తెలుగూ ఉర్దూ రెండూ కాని మాట ఒకటి గట్టిగానే వినిపిస్తుంది. లంబాడీల మాట అది. తమలో తాము దాన్ని గోర్ బోలి అంటారు. ఇంతకాలం పక్కనే వింటూ, పట్టించుకోకుండా దాటిపోయిన ఆ భాష వెంట ఈసారి ప్రయాణం పెట్టుకున్నాను. దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్ సందుల్లో మొదలుపెట్టి, ఎల్బీ నగర్ అడ్డా మీదుగా, సాగర్ రోడ్డు పట్టుకుని దేవరకొండ వైపు తండాల దాకా.

దిల్‌సుఖ్‌నగర్‌కు దీపాలు పెట్టేవేళ చేరాను. మెట్రో మెట్లు దిగుతుండగానే కోచింగ్ సెంటర్ల బోర్డులు కనిపిస్తాయి. గ్రూప్స్, డీఎస్సీ, ఎస్సై, కానిస్టేబుల్, బ్యాంకు, రైల్వే. నోటిఫికేషన్ పడినా పడకపోయినా క్లాసులు మాత్రం నడుస్తూనే ఉంటాయి. చైతన్యపురి, కమలానగర్, గడ్డిఅన్నారం సందుల నిండా హాస్టళ్లు. గదికి నాలుగైదు మంచాలు, గోడకు భారతదేశ పటం, కిటికీ ఊచలకు ఆరేసిన తువ్వాళ్లు. ఈ గదుల్లో నల్గొండ, నాగర్‌కర్నూల్, మహబూబాబాద్ జిల్లాల తండాల నుంచి వచ్చిన పిల్లలు చాలామందే ఉంటారు. పొద్దంతా తెలుగు మీడియం మెటీరియల్, ఇంగ్లిష్ రీజనింగ్ చదువుతారు. రాత్రి ఇంటికి ఫోను కలిపితే వాళ్ల గొంతే మారిపోతుంది.

ఆ మార్పును ఒక హాస్టల్ కింది టీ కొట్టు దగ్గర విన్నాను. కానిస్టేబుల్ పరీక్షకు చదువుతున్న యువకుడు, దేవరకొండ అవతల తండా నుంచి వచ్చాడు. నాతో తెలుగులో మాట్లాడుతున్నాడు, కొట్టువాడితో హైదరాబాదీ హిందీలో మాట్లాడుతున్నాడు. ఫోను మోగగానే ‘యాడీ’ అన్నాడు. అమ్మ అని. ఆ తర్వాత మాట ఒకటే పరుగు. బోరు, మోటరు, కరెంటు, ఆధార్ అన్న మాటలు మధ్యలో తేలుతున్నాయి కాబట్టి పొలం సంగతులని తెలిసింది గానీ మిగతాదేదీ నా చెవికి చిక్కలేదు. ఫోను పెట్టేశాక, మీ భాష వినాలని వచ్చానని చెప్పాను. అతని ముఖం వెలిగింది. “మా బాస గురించి ఎవరూ అడగరు అన్నా. అడుగుతే రిజర్వేషన్ గురించే అడుగుతరు. కూసో, చెప్త” అన్నాడు.

ముందు అంకెలు చెప్పించాను. ఏక్, ది, తీన్, చార్, పాంచ్, ఛో, సాత్, ఆట్, నవ్, దస్. ‘ది’ దగ్గర, ‘ఛో’ దగ్గర చెవి కాస్త ఆగుతుంది. మిగతావి హిందీకి దగ్గరగానే ఉంటాయి. ఇంతవరకు విని ఇదీ హిందీలో ఒక రకమేనని తేల్చేసేవాళ్లే ఎక్కువ. ఇంకాసేపు వింటే ఆ మాట అనలేరు.

నీళ్లను అతను ‘పాణి’ అన్నాడు. నాలుక వెనక్కి మడిచి పలికిన ణ అది, హిందీ ‘పానీ’లోని న కాదు. నల్లనిదాన్ని ‘కాళో’ అన్నాడు. ఈ ళ నేటి ప్రామాణిక హిందీలో లేదు. రాజస్థానీలో ఉంది, గుజరాతీలో ఉంది, మరాఠీలో ఉంది, మనకూ ఉంది. ణ, ళ రెండూ ఈ భాషలో మాట నడుమ, మాట చివర వస్తాయి గానీ మాట మొదట్లో రావు. తెలుగులోనూ ఆ రెండూ మాట మొదట్లో రావు. వంశం వేరైనా ఒకే నేల మీద ఎదిగిన భాషలు ఇలాంటి చోట్ల పోలికలు పంచుకుంటాయి. రాజస్థాన్ నుంచి వచ్చిన ఈ భాషకు దక్కన్‌లో ళ పోగొట్టుకునే అవసరమే రాలేదు. చుట్టూ ఉన్న తెలుగు, కన్నడ, మరాఠీ అన్నీ దాన్ని గట్టిగా పలికేవే.

తేడా తెలిసేది మాట ఆగే చోట. తెలుగు మాట చాలావరకు అచ్చుతో ముగుస్తుంది. ఇంగ్లిష్ బస్ మన నోట బస్సు అయింది, కార్ కారు అయింది. గోర్ బోలికి ఆ పట్టింపు లేదు. ఘర్, నామ్, సాత్, దస్ అని మాట హల్లు మీదే ఠక్కున ఆగుతుంది. దూరం నుంచి వింటే ఈ భాష కాస్త తెగువగా, గట్టిగా వినిపించడానికి ఇదొక కారణం. ఒత్తులు రెండో కారణం. మనం పుస్తకంలో భ, ఘ, ధ రాసినా రోజువారీ మాటలో ఆ ఒత్తును చాలాసార్లు వదిలేస్తాం. భాష బాస అవుతుంది. అతను కూడా తెలుగులో మాట్లాడినప్పుడు ‘బాస’ అనే అన్నాడు. తన భాషలోకి వెళ్లగానే ఒత్తు తిరిగొచ్చింది. ‘ఖా’ అంటే తిను. నోటి ముందు అరచెయ్యి పెట్టి చూడమన్నాడు. ఖ దగ్గర ఊపిరి అరచేతికి వెచ్చగా తగిలింది. అదే నోరు, ఒక వాక్యం అవతల తెలుగులో ఉన్నప్పుడు, ఆ ఊపిరిని లోపలే దాచుకుంది.

వాక్యం తోక దగ్గర ఇంకో గుర్తు. నేను వెళ్తున్నాను అనడానికి ‘మ జారోచు’, నువ్వు వెళ్తున్నావు అంటే ‘తూ జారోచి’, వాడు వెళ్తున్నాడు అంటే ‘ఊ జారోచ’. ఈ చు, చి, చ గుజరాతీ ‘ఛే’కు దగ్గరి చుట్టాలు. హిందీ ‘హై’ ఇక్కడ కనిపించదు. మగవాటి పేర్లు, విశేషణాలు చాలావరకు ఓకారంతో ముగుస్తాయి. ‘మారో’ అంటే నాది, ఆడవాటికైతే ‘మారి’. మనం మేము, మనం అని రెండు విధాలుగా చెప్పుకున్నట్టే వీళ్లకు ‘హామ్’, ‘ఆపణ్’ అని రెండున్నాయి. ఎదుటి మనిషిని కలుపుకుంటే ఆపణ్. ఇవన్నీ వరుసగా చెప్పి, “మా తాతకు ఇవి చదువు లేకుండనే వొచ్చినయ్. నాకూ అంతే. రాయమంటే మాత్రం ఆగిపోత” అన్నాడు.

మర్నాడు చీకటితోనే మెట్రో ఎక్కాను. మియాపూర్ నుంచి వచ్చే ఎర్ర లైనులో అమీర్‌పేట నుంచి ఎల్బీ నగర్ దాకా ఉన్న భాగం 2018 సెప్టెంబర్ 24న మొదలైంది. దిల్‌సుఖ్‌నగర్ తర్వాత చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్, ఆపైన ఎల్బీ నగర్. తర్వాతి స్టేషన్ పేరు తెలుగు, హిందీ, ఇంగ్లిష్ మూడు భాషల్లో వినిపిస్తుంది. నా ఎదురుగా కూర్చున్న ఇద్దరు ఆడవాళ్లు ఆ మూడింటినీ దాటి నాలుగో భాషలో కబుర్లాడుకుంటున్నారు. ఏ బోర్డు మీదా కనిపించని భాష అది.

బోర్డు మీద లేకపోవడం చిన్న సంగతి. లెక్కలో లేకపోవడం అంత చిన్నది కాదు. 2011 జనగణనలో ‘లమాణీ/లంబాడీ’ మాతృభాష అని చెప్పినవాళ్లు 32 లక్షలకు పైగా ఉన్నారు. ‘బంజారీ’ అని చెప్పినవాళ్లు మరో 15 లక్షలకు పైగా. ఈ రెండు సంఖ్యలూ హిందీ అనే పెద్ద పద్దు కిందికి వెళ్లిపోయాయి. ఆ పద్దు 52 కోట్లు దాటింది కాబట్టి ఈ లక్షలు అందులో కనిపించవు. ఇదే భాషను జార్జ్ గ్రియర్సన్ 1907లో అచ్చయిన తన భారతీయ భాషా సర్వే తొమ్మిదో సంపుటం మూడో భాగంలో భీల్ భాషలతో, ఖాందేశీతో పాటు పెట్టాడు. హిందీలో కలపలేదు. భీలీకి నేటి జనగణనలో సొంత పద్దు ఉంది. గోర్ బోలికి లేదు.

ఎల్బీ నగర్ అడ్డా దగ్గరికి వచ్చేసరికి సూర్యుడు ఇంకా ఫ్లైఓవర్ పైకి రాలేదు. గడ్డపారలు, తట్టలు, టిఫిన్ డబ్బాలతో మనుషులు గుంపులుగా నిలబడి ఉన్నారు. మేస్త్రీ బైకు ఆగగానే చుట్టూ పదిమంది మూగుతారు. సెంట్రింగ్ పనికి ఇంత, మట్టి పనికి ఇంత అని తెలుగులో బేరం. ఆ బేరం నడుస్తుండగానే వెనక నిలబడ్డ లంబాడీ ఆడవాళ్లు ఆ కూలికి పోదామా వద్దా అని తమ భాషలో తేల్చుకుంటున్నారు. ముందు మాట్లాడే మనిషి మేస్త్రీ వైపు చూస్తూ తెలుగులో అంకె చెబుతుంది, తల వెనక్కి తిప్పకుండానే గోర్ బోలిలో అడుగుతుంది, వెనక నుంచి జవాబు రాగానే మళ్లీ తెలుగులో అంకె పెంచుతుంది. పరాయి ఊళ్లో తమ గుట్టు కాపాడుకునే భాష ఉండడం ఎంత బలమో అక్కడ చూశాను. కూలి కుదిరింది. ట్రాలీ ఆటో ఎక్కుతూ ఒక పెద్దామె నన్ను చూసి, “ఏడికి వోతున్నవ్ బిడ్డా, ఇట్ల నిలబడ్డవ్?” అని తెలుగులోనే అడిగింది. దేవరకొండ దగ్గరి మల్లేపల్లి వైపు అన్నాను. “మా దిక్కే. కడుపుల ఇంత ఏసుకొని పో, ఎండ బాగున్నది” అంది.

ఈ అడ్డాలో ఉన్న లంబాడీల ఊళ్లు రాసుకుంటూ పోతే ఆ భాష ఎలా పరుచుకుందో సగం తెలిసిపోతుంది. దేవరకొండ, చింతపల్లి వైపు తండాలు సాగర్ రోడ్డు మీదుగా వస్తాయి. అచ్చంపేట, కల్వకుర్తి వైపువి శ్రీశైలం రోడ్డు మీదుగా. మహబూబాబాద్, డోర్నకల్ వైపువి రైలులోనో, వరంగల్ దారిలోనో. తెలంగాణలో 2011 నాటికి లంబాడీలు 20 లక్షలకు పైగా. రాష్ట్రంలోని షెడ్యూల్డు తెగల్లో అందరికంటే ఎక్కువ మంది వీళ్లే. కృష్ణ దాటి రాయలసీమకు వెళ్తే వీళ్లనే సుగాలీలు అంటారు. కర్ణాటకలో లంబాణీ, లమాణీ. మహారాష్ట్రలో బంజారా. పేరు ఊరూరికీ మారుతుంది. అయినా దేవరకొండ మనిషి షోలాపూర్ వెళ్లి తన భాషలో ‘తారో నామ్ కాఁయి’ అని పేరడిగితే అక్కడివాళ్లు నవ్వి జవాబు చెబుతారు. మధ్యలో కలిసే మాటలు వేరు. ఇక్కడ తెలుగు మాటలు, అక్కడ మరాఠీ మాటలు, బీజాపూర్ దగ్గర కన్నడ మాటలు. అడుగున ఉన్న ధ్వనులు, వాక్యం తోకలు ఒకటే.

సాగర్ రింగ్ రోడ్డు దగ్గర దేవరకొండ బస్సు దొరికింది. బీఎన్ రెడ్డి నగర్, తుర్కయంజాల్ దాటేదాకా నగరం వదలదు. ఇబ్రహీంపట్నం చెరువు దాటాక గాలి మారుతుంది. 2023 డిసెంబర్ 9 నుంచి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేని ప్రయాణం వచ్చింది కదా, తండాల ఆడవాళ్లు ఆసుపత్రికీ, బిడ్డ హాస్టల్‌కూ, చుట్టాల ఇంటికీ ఎక్కువగా తిరుగుతున్నారు. నా వెనక సీటులో ఇద్దరు వృద్ధురాళ్లు ఫేటియా లంగా, కాంచళి రవిక తొడుక్కుని, అద్దాల టుక్రి ఓణీ తల మీద కప్పుకుని కూర్చున్నారు. చీర కట్టిన కోడలు పక్క సీటు. ముసలమ్మలు మాట్లాడేటప్పుడు చేతుల నిండా ఉన్న గాజులు ప్రతి వాక్యానికీ తోడు పలుకుతున్నాయి. బస్సు యాచారం దాటి మాల్ చేరేసరికి ఎక్కే వాళ్లలో సగం మంది మాట అదే. ఎల్బీ నగర్‌లో నాలుగో భాషగా ఉన్నది ఈ బస్సులో మొదటి భాష అయింది. భాష విస్తరణను పటాల మీద రంగులు వేసి చూపిస్తారు. దీనికి ఆ రంగు సరిపోదు. ఇది రోడ్ల వెంట, బస్సు రూట్ల వెంట గీతల్లా పరుచుకున్న భాష.

దారి వెంట పరుచుకోవడం దీనికి మొదటి నుంచీ ఉన్న గుణమే. తండా అంటే ఇప్పుడు మనకు ఊరు. ఒకప్పుడు అది నడిచే ఎడ్ల బిడారు. ఉప్పు, ధాన్యం ఎడ్ల వీపు మీద వేసుకుని మార్వాడ్ నుంచి దక్కన్ దాకా నడిచినవాళ్లు వీళ్లు. 1632లో ఆగ్రా నుంచి పట్నా వెళ్తున్న పీటర్ ముండీ అనే ఇంగ్లిష్ వర్తకుడు దారిలో 14,000 ఎడ్లున్న ఒక తండా ఎదురైందని రాసుకున్నాడు. మొగలు సైన్యాలు దక్కన్ మీదికి వచ్చినప్పుడు వాటికి తిండిగింజలు మోసింది బంజారాలే. 1803లో మరాఠాలతో యుద్ధం చేసిన ఆర్థర్ వెల్లెస్లీ సైన్యం కూడా ధాన్యానికి వీళ్ల మీదే ఆధారపడింది. తర్వాత రోడ్లు, రైళ్లు వచ్చాయి. ఉప్పు వ్యాపారం ప్రభుత్వం గుప్పిట్లోకి పోయింది. ఎడ్ల బిడారుకు పని లేకుండా పోయింది. 1871 నేరస్థ తెగల చట్టం కాలంలో సంచారం చేసేవాళ్లందరినీ అనుమానంగా చూడడం మొదలైంది. ఎడ్లు ఆగిన చోట తండాలు ఆగాయి. దేవరకొండ గుట్టల కింద, నల్లమల అంచున, చెలక భూముల్లో. సయ్యద్ సిరాజుల్ హసన్ 1920లో నిజాం రాజ్యంలోని కులాలు, తెగల మీద పుస్తకం రాసేనాటికి వీళ్లు ఇక్కడి జనంలో ఒక భాగమైపోయారు. ఈ భాష మన మధ్యకు వచ్చింది ఇలా బరువులు మోస్తూ.

ప్రపంచంలో ఇలాంటి కథలు ఇంకా ఉన్నాయి. ఆఫ్రికా పక్కన మడగాస్కర్ ద్వీపంలో మాట్లాడే మలగాసీ భాషకు దగ్గరి చుట్టం ఆఫ్రికాలో లేదు. హిందూ మహాసముద్రం అవతల బోర్నియోలో బారీటో నది ఒడ్డున మాట్లాడే మాన్యాన్ అనే చిన్న భాష. రెండూ ఆస్ట్రోనేషియన్ కుటుంబంవి. ఆ కుటుంబం పడవల మీద తైవాన్ నుంచి బయల్దేరి, ఒకవైపు మడగాస్కర్, మరోవైపు ఈస్టర్ ద్వీపం దాకా దాదాపు 1,200 భాషలుగా పరుచుకుంది. నీళ్ల మీద వాళ్లు చేసిన పనిని మెట్ట నేల మీద గోర్ బోలి చేసింది. రాజస్థానీకి దగ్గరి చుట్టమైన భాష కృష్ణా నది ఒడ్డున, తెలుగు మధ్యలో, ణ, ళ, ఒత్తులు చెడకుండా బతికి ఉండడం అంతే గొప్ప ప్రయాణం. మలగాసీకి ఒక దేశం దొరికింది. అది జాతీయ భాష అయింది. గోర్ బోలికి ఎక్కడా ఒక జిల్లా అయినా పూర్తిగా తనదని చెప్పుకునే వీలు దొరకలేదు.

మల్లేపల్లి దాటాక ఆటోలో తండా చేరాను. బత్తాయి తోటలు, పత్తి చేలు, వేపచెట్టు కింద గద్దె, లంబాడీలు కొలిచే సేవాలాల్ మహరాజ్ గుడి మీద ఎర్రజెండా, తెల్లజెండా. సేవాలాల్ 1739లో అనంతపురం జిల్లా గుత్తి దగ్గర పుట్టాడు. మహారాష్ట్రలోని పోహ్రాదేవి ఆయన పేరు మీద యాత్రాస్థలం. అంటే ఈ తండా జెండా కిందే ఒక భాష హద్దులు గీసి ఉన్నాయి, గుత్తి నుంచి పోహ్రాదేవి దాకా.

దిల్‌సుఖ్‌నగర్ యువకుడి ఇల్లు వెతుక్కోవడం కష్టం కాలేదు. వాళ్ల యాడి జొన్న బాటీ, కారం పెట్టింది. పక్కింటి అవ్వ వచ్చి కూర్చుంది. పెళ్లిలో అత్తారింటికి పోయే పిల్ల పాడే ఢావ్లో గురించి అడిగాను. తల్లినీ, అన్ననూ, ఇంటినీ, చివరికి పశువులనూ పేరుపేరునా పట్టుకుని ఏడుస్తూ పాడే పాట అది. “ఊకె పాడరాదు కొడుకా, ఇంట్లకెళ్లి ఎవరన్నా పోతుంటెనే” అని కొంచెంసేపు ఆగి, మాటలు లేకుండా వరస మాత్రం వినిపించింది. గొంతు పైన మొదలై, ఏడుపు వెక్కులాంటి చిన్న విరుపులతో మెట్టు మెట్టుగా కిందికి దిగింది. ప్రతి పాదం చివర ఓకారం సాగదీసింది. ‘మారో’, ‘కాళో’లో విన్న ఓకారమే, ఇక్కడ శ్వాస అయిపోయేదాకా సాగింది. పలుకులో గుర్తుపట్టే ధ్వని పాటలోకి వచ్చేసరికి దుఃఖానికి కావలసిన పొడవు ఇచ్చింది. ఇదే పేరుతో రమేశ్ కార్తీక్ నాయక్ రాసిన ‘ఢావ్లో’ కథల పుస్తకానికి 2024లో కేంద్ర సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చింది. ఆ సంగతి చెబితే అవ్వకు అకాడమీ తెలియదు గానీ, “మా పాట పేరు బుక్కుకెక్కిందా!” అని ఎంతో సంతోషపడింది.

ఆ ఇంట్లో ఒకటో తరగతి పిల్ల ఉంది. బడిలో చదివేది తెలుగు, ఇంగ్లిష్. ఇంట్లో మాట్లాడేది గోర్ బోలి. బడికి వెళ్లిన కొత్తలో టీచరు చెప్పేది అర్థం కాక నెలల తరబడి నోరు విప్పలేదని తల్లి చెప్పింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో గిరిజన భాషల్లో ప్రాథమిక చదువు మొదలుపెట్టినప్పుడు ఎంచుకున్న ఎనిమిది భాషల్లో సవర, కువి, కొండ, కోయ, కొలామీ, గోండీ, ఆదివాసీ ఒడియాతో పాటు బంజారా కూడా ఉంది. తెలుగు లిపిలో వాచకాలు తయారయ్యాయి. అంటే ఈ పని చేయొచ్చని అప్పుడే తేలింది. దాన్ని ప్రతి తండా బడికీ తీసుకెళ్లడమే మిగిలింది.

లిపి లేదు కాబట్టి భాష కాదు అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. తెలంగాణ, ఆంధ్రలో తెలుగు లిపిలో, కర్ణాటకలో కన్నడ లిపిలో, మహారాష్ట్రలో దేవనాగరిలో దీన్ని రాస్తున్నారు. యాదాద్రి భువనగిరి జిల్లాకు చెందిన కేతావత్ సోమ్‌లాల్ భగవద్గీత మొత్తాన్ని బంజారా భాషలోకి తెచ్చారు. 2024లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. గీత పట్టినన్ని ఆలోచనలు ఈ భాషలో పడతాయంటే ఒకటో తరగతి వాచకం పట్టదా? తెలుగు లిపి దీనికి ఇంపుగానే సరిపోతుంది. ణ ఉంది, ళ ఉంది, ఒత్తులన్నీ ఉన్నాయి, మాట హల్లు మీద ఆగితే పొల్లు ఉంది. ‘కాఁయి’ అన్నప్పుడు ముక్కులోంచి పోయే గాలికి గుర్తుగా మనం వాడడం మానేసిన అరసున్న ఉంది. మనం పక్కన పెట్టిన అక్షరం ఇంకొకరి పిల్లకు రోజూ పనికొస్తుంది.

హక్కుల సంగతీ భాష లాగే చెదిరిపోయి ఉంది. తెలంగాణ ప్రాంతంలో లంబాడీలను 1976 చట్టం షెడ్యూల్డు తెగగా గుర్తించింది. కర్ణాటకలో వాళ్లు షెడ్యూల్డు కులం. మహారాష్ట్రలో విముక్త జాతి. మాట్లాడే భాష ఒకటే, రాష్ట్రం హద్దు దాటితే కాగితం మీద మనిషి మారిపోతాడు. ఈ తేడాల మీద రాజకీయాలు, తగవులు ఎన్నో ఉన్నాయి. వాటి నడుమ భాష గురించి మాట్లాడే తీరిక ఎవరికీ దొరకడం లేదు. అందుకే పిల్లలు దాన్ని ఇంటికే పరిమితం చేసుకుంటున్నారు. నగరంలో పుట్టిన పిల్లలైతే వింటే అర్థం చేసుకుంటారు, జవాబు తెలుగులో ఇస్తారు. బీఎన్ రెడ్డి నగర్‌లో అద్దెకున్న కుటుంబాల్లో ఇది కళ్ల ముందే జరుగుతోందని అవ్వ కొడుకు చెప్పాడు. “మేం గోర్ బోలిల అడుగుతం, పిల్లలు తెలుగుల చెప్తరు. వాళ్ల పిల్లలు ఏం మాట్లాడుతరో?” అన్నాడు. లక్షల మంది మాట్లాడే భాషకు ప్రమాదమేమిటని అనిపించవచ్చు. ఒక తరం అడగడం, తర్వాతి తరం వేరే భాషలో జవాబు చెప్పడం, ఇంత మామూలు మార్గంలోనే భాషలు పోతాయి.

తిరుగు బస్సు ఎక్కేముందు ఆ యువకుడికి ఫోన్ చేశాను. జనగణన మాట వచ్చింది. 2027 మార్చి 1ని కొత్త జనగణన తేదీగా కేంద్రం ప్రకటించింది. లెక్క రాసేవాళ్లు తండాకు వచ్చి మాతృభాష అడిగినప్పుడు ఒక ఇంట్లో లంబాడీ, ఒక ఇంట్లో బంజారా, ఇంకో ఇంట్లో తెలుగు, నగరంలో ఉన్న కుటుంబం హిందీ అని చెబితే ఒకే భాష నాలుగు పద్దుల్లోకి చీలిపోతుంది. మైథిలీ కూడా ఒకప్పుడు జనగణనలో హిందీ కిందే ఉండేది. 2003లో 92వ రాజ్యాంగ సవరణ దాన్ని సంతాలీ, బోడో, డోగ్రీలతో పాటు ఎనిమిదో షెడ్యూల్‌లోకి తెచ్చాక సొంత పద్దు వచ్చింది. కాబట్టి దారి లేనిదేమీ కాదు. అడిగేవాళ్లు ఎంతమందో కాగితం మీద కనిపించాలి.

“మా హాస్టల్ల ముప్పై మందిమి ఉన్నం అన్నా, తలా ఒక తండా. అందరం ఇంటికి పోన్ జేసి చెప్తం, ఒకటే పేరు చెప్పమని” అన్నాడు. ఏ పేరు చెప్పాలన్నది వాళ్లే తేల్చుకోవాలి. ఆ చర్చ దిల్‌సుఖ్‌నగర్ గదుల్లో, పరీక్షల పుస్తకాల మధ్య, వాళ్ల భాషలోనే జరగబోతోంది. తెలుగువాళ్లం మనం చేయగలిగింది ఒకటుంది. పక్క సీటులో, పక్క గదిలో, పక్క ఇంట్లో ఆ మాట వినిపించినప్పుడు అది హిందీ అనీ, యాస అనీ, గోల అనీ అనకుండా, అది గోర్ బోలి అని పేరు పెట్టి పిలవడం. మన బడుల్లో ఆ పిల్లలకు మొదటి ఏడాది వాళ్ల మాటల్లోనే పాఠం చెప్పమని వాళ్లతో పాటు మనమూ అడగడం. ఒకప్పుడు తెలుగుకు రాష్ట్రం కావాలని, బడి కావాలని మన పెద్దలు అడిగింది ఇలాంటి మాటే.